నీలం గుర్రం గుండెలో లుంగీ ముక్క

దర్భగడ్డి తేవాలి. గడ్డితో బొమ్మ కట్టడం తెలిసిన మనిషిని ముందే మాట్లాడుకోవాలి. కొత్త కుండ, నువ్వులు, పసుపు, తెల్లగుడ్డ కొనాలి. చాకలికీ మంగలికీ చెప్పాలి. భీమునిపట్నంలో ఉన్న మేనత్తకి ఫోను చేసి, ఆమె ఏడుపు ఆగేదాకా ఉండి, ఏ రోజో చెప్పాలి. అయ్యతో పాటే పోయిన గవర్రాజు ఇంటికి మాత్రం ఫోను చేయకూడదు, నడిచి వెళ్ళి గుమ్మంలో నిలబడి పిలవాలి. అమ్మ చేతి గాజులు తీయడానికి ఒక పెద్దామెను ఒప్పించాలి. అయ్య ఒంటిమీద కట్టి విడిచిన బట్ట ఒకటి తీసి పెట్టుకోవాలి.

ఈ పనులన్నీ సూర్యకళ మీదే పడ్డాయి. ఆ ఇంట్లో డిగ్రీ దాకా చదివింది ఆమె ఒక్కతే. చదువుకున్నవాళ్ళకి అన్నీ గుర్తుంటాయని జాలరిపేటలో ఒక నమ్మకం. పెళ్ళికైనా చావుకైనా రేషను కార్డుకైనా ఆమెనే పిలుస్తారు. చిన్నాన్న అర్జునరావు అరుగు మీద కూర్చుని, వేళ్ళు మడుస్తూ ఒక్కొక్కటే చెప్పాడు. ఆఖరిది చెప్పేటప్పుడు ఆయన గొంతు తేలికపడింది, అన్నిట్లోకీ అదే సులువైన పని అన్నట్టు.

"బట్ట ఏదైనా పర్నేదమ్మీ. సొక్కా గానీ, లుంగీ గానీ, తువ్వాలు గానీ. మీ అయ్య ఒంటిమీద కట్టినదయితే సాలు. బొమ్మ గుండెలో ఎట్టాల. అదెట్టకపోతే అది ఒట్టి గడ్డే. మీ అయ్య కాదు."

సూర్యకళ తల్లి వైపు చూసింది. పోతమ్మ గోడ వైపు చూస్తోంది. ఆ ఇంట్లో అయ్య నూకాలు కట్టిన బట్ట ఒక్కటి కూడా లేదు. ఆ సంగతి తల్లీకూతుళ్ళకి తెలుసు.

ఇంట్లో లేదు గాని, ఈ లోకంలో ఒకటి ఉంది. అది ఎక్కడ ఉందో సూర్యకళకి ఆ క్షణానే తట్టింది. అమ్మకి అది గుర్తు రాకుండా ఉంటే బాగుండునని మనసులో అనుకుంది.

*

నూకాలు చలికాలం చివర్లో వేటకి వెళ్ళాడు. తోడుగా గవర్రాజు వెళ్ళాడు. రెండో రోజు భీమిలికి అవతల వాళ్ళ ఫైబర్ బోటు కనిపించింది. వల సగం నీళ్ళలో ఉంది, సగం బోటులో ఉంది. ఇంజను చల్లగా ఉంది. అన్నం క్యారేజీ మూత తీయలేదు. పెద్ద ఓడేదో రాసుకుని పోయిందని కొందరన్నారు. వలలో కాలు తట్టుకుని ఒకడు పడితే, వాడి కోసం రెండోవాడు దూకాడని కొందరన్నారు. చూసినవాళ్ళు ఎవరూ లేరు. గవర్రాజు శవం భీమిలి ఒడ్డుకి వచ్చింది. నూకాలు రాలేదు.

రాకపోవడమే పోతమ్మకి ఆశ అయింది. పేటలో గంగాలమ్మ అనే ముసలామె ఒంటిమీదకి అమ్మవారు వస్తుంది. పోతమ్మ ఆమె దగ్గరికి వెళ్ళి కూర్చుంది. గంగాలమ్మ తల విరబోసుకుని ఊగి, చాలాసేపటికి పలికింది.

"ఆడు పోనేదే. నీళ్ళల్లోనే ఉన్నాడు. సలికి వొణికిపోతన్నాడు. ఒంటిమీద గుడ్డ నేదు."

అంతే. మర్నాడు తెల్లవారేసరికి పోతమ్మ ఒక చొక్కా తీసుకుని ఒడ్డుకి వెళ్ళింది. మోకాలి లోతు నీళ్ళలో నిలబడి, కెరటం వెనక్కి లాగేటప్పుడు వదిలింది. "తొడుక్కో" అంది, ఎదురుగా ఉన్న మనిషికి ఇచ్చినట్టు. ఆ తర్వాత రోజూ ఒకటి. జాతరకి కుట్టించుకున్న తెల్ల చొక్కా, పెళ్ళినాటి పంచె, ఓడరేవులో ఎవరో ఇచ్చిన స్వెట్టరు, చిరుగుల బనీన్లు. ఒక్కోసారి కెరటం ఒప్పుకోక బట్టని తిరిగి ఒడ్డుకి కొట్టేది. పోతమ్మ విసుక్కోకుండా పిండి, మళ్ళీ వదిలేది.

"అమ్మా, ఆ బట్టలేటి సేత్తాయే?" అని సూర్యకళ ఒక పూట అడిగింది.

"నీ సదువులో సలి నేదేటి?" అంది పోతమ్మ.

చదువుతో తల్లి ఆశని కొట్టడం సూర్యకళకి చేతకాలేదు. ఆఖరికి మిగిలిన తువ్వాలు కూడా వెళ్ళిపోయాక, దండెం ఖాళీగా ఊగింది.

తర్వాత ఏటా వేసవిలో సర్కారు పెట్టే వేట నిషేధం వచ్చింది. బోట్లన్నీ ఒడ్డున బోర్లా పడుకున్నాయి. మగవాళ్ళు వలలు బాగుచేసుకుంటూ, మాట్లాడుకోవడానికి తీరిక దొరికి, నూకాలు గురించి మాట్లాడుకున్నారు. చివరికి పెద్దలు అర్జునరావుని పిలిచి చెప్పారు. నిషేధం ఎత్తేసి బోట్లు దిగేలోగా నూకాలు కర్మ అయిపోవాలి. కర్మ జరగనివాడు ఒడ్డు కోసం వెతుక్కుంటూ కనిపించిన బోటల్లా ఎక్కుతాడు. వాడు ఎక్కిన బోటుకి మంచి జరగదు. కర్మ చెయ్యకపోతే ఈ ఇంటి మనుషులు ఉన్న బోటులో ఇంకెవరూ కాలు పెట్టరు.

అర్జునరావుకి ఇద్దరు కొడుకులు. ఇద్దరూ బోటు మీదే బతుకుతున్నారు. అందుకే ఆయన వేళ్ళు మడుస్తూ అంత వివరంగా చెప్పాడు.

*

ఇప్పుడు ఆ ఒక్క బట్ట సంగతి చెప్పాలి.

నూకాలు కుర్రతనంలో ఇంజన్లు లేవు, తెరచాపలే. తుమ్మచెక్క ఉడికించిన నీళ్ళలో ముంచిన ముతక గుడ్డ తెరచాప, ఎండిన మట్టి రంగులో ఉండేది. సూర్యకళ పుట్టిన వారంలోనే నడిసముద్రంలో గాలి తిరగబడి ఆ చాప నిలువునా చిరిగింది. అతుకు వెయ్యడానికి గుడ్డ లేదు. నూకాలు ఒంటిమీద ఉన్న గళ్ళ లుంగీ విప్పి, చింపి, వల అల్లే దారంతో ఆ చిరుగు మీద కుట్టాడు. ఆ చాపతోనే ఒడ్డుకి వచ్చాడు. వచ్చింది గోచీతో. ఒడ్డున ఆడవాళ్ళందరూ ఉన్నారు. ఆ రోజు నుంచి వాడి పేరు గోచీ నూకాలు. పెళ్ళిళ్ళలో కూడా అలాగే పిలిచేవారు. "నవ్వండర్రా నవ్వండి. నా లుంగీ ఉండబట్టి నా పిల్ల మొకం మళ్ళీ సూసినాను" అనేవాడు.

ఇంజన్లు వచ్చాక ఆ చాప అటక మీదకి చేరింది. సూర్యకళ విశాఖలో బొమ్మల కోర్సులో చేరినప్పుడు, కాన్వాసు కొనుక్కోలేక, దాన్ని కిందికి దించింది.

ఆ ఏడాదే ఆమె కాలేజీకి మంగోలియా నుంచి ఓయూన్ అనే చిత్రకారిణి వచ్చింది. పొట్టిగా, బుగ్గలు ఎండకి కమిలిపోయి ఉండేది. పిల్లల చేత గుర్రాలు వేయించేది. కాళ్ళూ తోకా చెవులూ ఉన్న గుర్రాన్ని వేసి చూపిస్తే తల అడ్డంగా ఊపేది. "ఇది నిలబడి ఉంది. మా తాతలు ఏడాదికి నాలుగు చోట్లకి ఇల్లు మార్చేవాళ్ళు. వాళ్ళు చూసిన గుర్రం ఇది కాదు" అనేది. పొడుగాటి కుంచె తీసుకుని పైనుంచి కిందికి, వాళ్ళ లిపి రాసినట్టే, నాలుగు గీతలు లాగేది. అందులో కాళ్ళు ఉండేవి కావు. పరుగు ఉండేది.

గుర్రాలకి మీరు ఏం పేర్లు పెడతారని ఒకరు అడిగితే, మేం పేర్లు పెట్టం అంది. రంగుతోనే పిలుస్తారు. బూడిద రంగు గుర్రాన్ని నీలం అంటారు. ఇష్టమైన గుర్రం చనిపోతే దాని తలని ఎవరి కాళ్ళ కిందా పడకుండా ఎత్తైన చోట పెట్టి వస్తారు.

సూర్యకళ ఆ రాత్రి బస్సులో ఇంటికి వస్తూ అదే ఆలోచించింది. పేటలో బోట్లకీ అంతే. పేర్లు రాసి ఉంటాయి గాని ఎవరూ పేరుతో పిలవరు. ఎర్రది, పచ్చది, నూకాలు నీలంది.

ఆమె పాత తెరచాపని చట్రానికి బిగించింది. అయ్య బోటుకి వేయగా మిగిలిన నీలం రంగు డబ్బా తెచ్చుకుంది. మట్టి రంగు చాప మీద పైనుంచి కిందికి కుంచె లాగింది. మెడ వంపు ఒక్క గీత. వెన్ను ఒక్క గీత. లుంగీ అతుకు సరిగ్గా గుర్రం ఛాతీ దగ్గరికి వచ్చింది. దాన్ని దాచలేదు. దాని మీద నీలం దట్టంగా వేసింది. వల దారం కుట్లు రంగు కింద నుంచి పొడుచుకొచ్చి పక్కటెముకల్లా కనిపించాయి. ఓయూన్ వచ్చి ఆ అతుకు మీద అరచెయ్యి పెట్టి చూసింది. "ఇక్కడ ఊపిరి ఉంది" అంది.

నూకాలు కూడా కాలేజీకి వచ్చి చూశాడు. చేపల వాసన వస్తుందని దూరంగా నిలబడి, మెడ వంచి చూశాడు.

"ఇదేటే?"

"గుర్రం అయ్యా."

"కాళ్ళేవి?"

"పరిగెడతంటే కాళ్ళు కనబడవు గదా."

"ఓలమ్మీ, అయితే నా బోటుకీ కాళ్ళు కనబడవు. ఇది నా నీలందే" అని పెద్దగా నవ్వాడు. తర్వాత ఛాతీ దగ్గరికి వచ్చి ఆగాడు. గొంతు తగ్గించి అడిగాడు. "ఇది నా లుంగీ కాదేటి? నలుగురూ సూసీ కాడ ఎట్టినావేటే, నా పరువు తీసీడానికి?"

బీచ్ రోడ్డు మీద కొత్తగా కట్టిన ఒక హోటల్ వాళ్ళు ఆ బొమ్మని కొనుక్కున్నారు. ఉక్కు, బొగ్గు వ్యాపారం మాట్లాడుకోవడానికి మంగోలియా నుంచి అతిథులు వస్తూ ఉంటారని, లాబీలో ఒక గోడంతా దానికే కేటాయించారు. పక్కన ఇత్తడి పలక మీద 'సూర్యకళ' అని ఆమె పేరు చెక్కించారు. ఇంకా గదులకి గుర్రాల బొమ్మలు వేసి ఇమ్మని అడిగారు. పేటలో పుట్టిన ఆడపిల్ల పేరు ఇత్తడి మీదకి ఎక్కడం అదే మొదలు. నూకాలు పోయే ముందు నెలలో, ఆటోలో ఆ దారిన పోతూ ఆగి, అద్దాల తలుపు బయట నుంచి ఆ పలకని చూపించి ఆటోవాడికి చదివి వినిపించాడట. నూకాలుకి చదువు రాదు. కూతురి పేరు ఒకటే గుర్తుపట్టగలడు.

*

ముందు ఇరుగుపొరుగుని అడిగారు. నూకాలు ఎప్పుడైనా తువ్వాలు మరిచిపోయాడేమోనని. చాకలి ఇంట్లో మూటలు విప్పారు. చెప్పులు దొరికాయి. చెప్పులు బట్ట కాదన్నారు. గవర్రాజు భార్య మొగుడి ట్రంకుపెట్టె అంతా దిమ్మరించి, "ఆయనవే గాని ఈయనవి నేవమ్మా" అని మళ్ళీ సర్దుకుంది.

మూడో రోజు సాయంత్రం అర్జునరావు సంచీలో ఒక పాత లుంగీ తెచ్చాడు. ఎరుపూ ఆకుపచ్చా గళ్ళు. నూకాలు కట్టేది కూడా ఆ గళ్ళే. సూర్యకళని పెరట్లోకి పిలిచి సంచీ విప్పి చూపించాడు.

"తగరపువలస సంతలో కొన్నాను. ఉప్పునీళ్ళలో నానబెట్టీసి ఎండబెట్టినాను. బీరువా ఎనకాల దొరికిందని సెప్పీ."

"సిన్నాన్నా, ఇది అయ్యది కాదు గదా."

"ఎవుడికి తెలస్తాది? గడ్డిలో ఎట్టీసి నిప్పెట్టీత్తాం. బూడిదకి గళ్ళుంటాయేటి? నా కొడుకులు వేటకి ఎల్లాలమ్మీ. నీ కాలేజీ కాదిది, ఆదివారం సెలవుండడానికి."

సూర్యకళకి ఎదురు చెప్పడానికి ఒక్క మాట చాలు. 'అయ్య లుంగీ ముక్క హోటల్లో ఉంది.' ఆ మాట నాలుక చివరన నిలబడింది. ఇత్తడి పలక కళ్ళ ముందు మెరిసింది. ఛాతీ లేని గుర్రం కళ్ళ ముందు నిలిచింది. ఆమె సంచీ అందుకుంది.

పోతమ్మ వసారాలో కూర్చుని ఉంది. సూర్యకళ లుంగీ ఆమె ఒళ్ళో పెట్టి, బీరువా వెనకాల దొరికిందంది. పోతమ్మ దాన్ని విప్పలేదు. చూడను కూడా చూడలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని ఊపిరి పీల్చింది. మడత పెట్టింది.

"సంత వాసన" అంది.

అర్జునరావు "కాదొదినా, అటక మీద..." అన్నాడు.

"ముందర బీరువా అన్నారు. ఇప్పుడు అటకేటి?" పోతమ్మ లుంగీని మరిది చేతిలో పెట్టింది. "పట్టుకెల్లి నువ్వు కట్టుకో మరీ. నీకు బాగుంటాది." తర్వాత కూతురి వైపు తిరిగింది. గొంతులో కోపం లేదు. అదే సూర్యకళకి ఎక్కువ తగిలింది.

"ఆ తెరసాప మీద గుడ్డముక్క నేదేటే? సముద్రంలో ఆడు విప్పీసిన లుంగీ. మిగిలిన సగం పేలికలయిపోయేదాకా నానే కట్టించినాను. ఆ ముక్క నాకు గేపకం నేదనుకున్నావా? నీకు గేపకం వత్తాదేమో అని ఇన్నాళ్ళూ సూసినాను."

సూర్యకళ తల వంచుకుంది. "నాకూ గేపకం ఉన్నాదే" అంది.

"తెలుసు" అంది పోతమ్మ. "నానయితే బుద్ధి నేక ఆడి బట్టలన్నీ నీళ్ళలో ఏసీసినాను. నాకు ముక్కు తప్ప ఏటీ మిగల్నేదు. నువ్వు సదువుకున్నదానివి. నువ్వే ఆలోసించు" అంది.

ఆ రాత్రి ఇద్దరూ అన్నం తినలేదు.

*

మర్నాడు పొద్దున్నే సూర్యకళ హోటల్‌కి వెళ్ళింది. నూకాలు వల కత్తి సంచీలో పెట్టుకుంది. మేనేజరు జయంత్ తండ్రి గోదావరి జిల్లా నుంచి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. జయంత్ నెమ్మదస్తుడు. గదుల బొమ్మల గురించి మాట్లాడడానికి వచ్చిందనుకుని ఆమెకి కాఫీ తెప్పించాడు. ఆమె వచ్చిన పని చెప్పేసరికి కప్పు కింద పెట్టేశాడు.

"ఏమండీ, మీరే వేసిన బొమ్మ. మీ చేతులతో మీరే చెడగొట్టుకుంటారా?"

"నేను వేసిన రంగు నాది. ఆ ముక్క మా నాన్నది."

"ఓ మూల చిన్న పీలిక తీసుకుంటే సరిపోదా? తెరచాప కూడా ఆయనదే కదా?"

"ఒంటిమీద కట్టింది కావాలండీ."

హోటల్ ఓనరు గారు హైదరాబాదులో ఉంటారు. జయంత్ ఆయనకి ఫోను చేశాడు. దూరంగా వెళ్ళి మాట్లాడాడు. అవతలి గొంతు ఎంత పెద్దదంటే ఆ దూరం నుంచి కూడా సూర్యకళకి వినిపించింది. "పోయినోడి బట్టా? మన లాబీలోనా? ఎన్నాళ్ళనుంచి? ముందు తీయించెయ్యవయ్యా! మంచిరోజు చూసి మొదలుపెట్టాం కదయ్యా!"

జయంత్ తిరిగొచ్చేసరికి ముఖం వాడిపోయి ఉంది.

"తీసుకెళ్ళమన్నారండీ. బొమ్మ మాత్రం ఇక్కడే ఉంటుంది. అతిథులు వస్తున్నారు, ఆ గోడకి ఇంకోటి సరిపోదు." ఫోను జేబులో పెట్టుకున్నాడు. "కానీ పలక తీసేయమన్నారు. మీ పేరుంటే ఎవరైనా అడుగుతారు, అడిగితే ఈ కథంతా బయటికొస్తుంది, హోటల్‌కి మంచిది కాదన్నారు. గదుల బొమ్మలు కూడా ఇంక వద్దన్నారు. నేను చెప్పి చూశానండీ."

సూర్యకళ పలక వైపు చూసింది. అద్దాల తలుపు బయట నిలబడి, వేలితో చూపిస్తూ, రాని చదువు చదివిన మనిషి గుర్తొచ్చాడు. ఆయన చదవగలిగింది ఆ ఒక్క మాటే.

"తీసేయండి" అంది.

ఇద్దరు కుర్రాళ్ళు బొమ్మని దించి పాలరాయి నేల మీద దుప్పటి పరిచి పడుకోబెట్టారు. సూర్యకళ దాని పక్కన గొంతుక్కూర్చుంది. ముక్కని కొయ్యలేదు. కత్తి మొనతో కుట్లు ఒక్కొక్కటే విప్పింది. రంగు గడ్డకట్టి దారం రాయిలా ఉంది. ఒక్కో కుట్టు తెగినప్పుడు చిన్న చప్పుడు వచ్చింది. ఎంత దగ్గరగా, ఎంత వంకరగా కుట్టాడో ఆమెకి అప్పుడే తెలిసింది. గాలి కొడుతుంటే, చేతులు వణుకుతుంటే కుట్టిన కుట్టు అది. ఒకచోట కుట్టు దాటి వెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చి ముడి వేశాడు. ఆమె ఆ ముడి దగ్గర ఆగిపోయింది. జయంత్ మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు. ఆమె తాగలేదు.

ముక్క ఊడి వచ్చాక వెనక్కి తిప్పింది. ముందువైపంతా నీలం. వెనకవైపు రంగు తగల్లేదు. ఎరుపూ ఆకుపచ్చా గళ్ళు, వెలిసి, అలాగే ఉన్నాయి. చాప మీద ఆ చోట పాత చిరుగు మళ్ళీ తెరుచుకుంది. అప్పుడు గాలి చించినప్పుడు ఎలా ఉండేదో అలాగే, నిలువునా.

*

పోతమ్మ ఆ ముక్కని నీలం వైపు చూడలేదు. గళ్ళ వైపు చెంపకి ఆనించుకుంది. ముక్కు దగ్గర పెట్టుకుంది.

"రంగు వాసనే వత్తన్నాది" అంది పోతమ్మ. ఆమె మళ్ళీ వాసన చూసింది. ఈసారి చాలాసేపు చూసింది. "దాని కిందన ఆడున్నాడు" అంది.

ఒడ్డున బోర్లించిన బోట్ల వెనక గడ్డి బొమ్మని పడుకోబెట్టారు. అర్జునరావు బొమ్మ ఛాతీ విప్పి అందులో ముక్కని పెట్టి మళ్ళీ దారంతో కట్టాడు. గంగాలమ్మ దూరంగా ఇసుకలో కూర్చుని ఉంది. పోతమ్మ ఆమె దగ్గరికి నడిచి వెళ్ళింది. కొట్టేస్తుందేమోనని ఇద్దరు ఆడవాళ్ళు వెంట పరిగెత్తారు.

"సలి అన్నావు గదే" అంది పోతమ్మ. "నీ మాట నమ్మి ఆడి గుడ్డలన్నీ ఇచ్చీసినాను. ఇప్పుడు ఆడికి ఎచ్చగుంటాది. వచ్చి సూడు."

గంగాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. లేవలేదు.

నిప్పు పెట్టారు. గడ్డి క్షణంలో అంటుకుంది. ముక్క మాత్రం వెంటనే అంటుకోలేదు. బోటు రంగు నీళ్ళకి తట్టుకునేలా తయారవుతుంది, నిప్పుకి కూడా మొండికేసింది. గడ్డంతా బూడిదయ్యాక కూడా మధ్యలో ఆ నీలం పెచ్చు ఒక్కటే మిగిలి, ముడుచుకుంటూ, బుడగలు కక్కింది. నల్లటి పొగ లేచింది. ఘాటుకి అందరూ ముక్కు మూసుకుని వెనక్కి జరిగారు. అర్జునరావు కొడుకులు దగ్గుతూ తండ్రి వైపు చూశారు, ఇది శకునమా ఏమిటని. ఆయన కర్రతో ఆ పెచ్చుని నిప్పులోకి తోశాడు.

పోతమ్మ మాత్రం కదల్లేదు. పొగలోనే నిలబడింది. "గోచీతో వచ్చినావు. గోచీతోనే ఎల్తన్నావు" అంది. అందులో నవ్వు ఉందో ఏడుపు ఉందో పక్కనే ఉన్న సూర్యకళకి కూడా తెలియలేదు. ఒక ముసలామె వచ్చి గాజులు తీసింది. ఒక గాజు మాత్రం రాక, రాయి మీద కొట్టాల్సి వచ్చింది.

నిషేధం ఎత్తేసిన పొద్దున బోట్లన్నీ దిగాయి. అర్జునరావు కొడుకులు కూడా దిగారు. నీలం బోటుని మాత్రం ఎవరూ దింపలేదు, ఎత్తైన ఇసుక దిబ్బ మీదకి లాగి వదిలేశారు. దాని మీద కాకులు వాలుతున్నాయి.

సూర్యకళ పెందుర్తిలో ఒక ప్రైవేటు స్కూల్లో డ్రాయింగు చెప్తోంది. పిల్లలు గుర్రం వెయ్యమంటే నాలుగు కాళ్ళూ తోకా ఉన్న గుర్రాన్ని వేసి ఇస్తుంది. ఓయూన్ ఒకసారి కొత్త బొమ్మలు పంపమని మెసేజ్ పెట్టింది. ఏం రాయాలో తెలియక సూర్యకళ రెండు రోజులు ఫోను పట్టుకుని కూర్చుంది. చివరికి, 'మీరు చెప్పినట్టే, మా నీలాన్ని ఎత్తైన చోట పెట్టాం' అని రాసింది. ఓయూన్‌కి ఏం అర్థమైందో గాని, తిరిగి ఏమీ రాయలేదు.

పోతమ్మ ఒడ్డుకి వెళ్ళడం మానేసింది. అడిగితే, "ఏటి పట్టుకెల్లను?" అంటుంది.

ఆ గుర్రం ఇప్పటికీ బీచ్ రోడ్డు హోటల్ లాబీలో ఉంది. పలక ఉన్నచోట గోడకి రెండు మేకుల గుర్తులు ఉన్నాయి. ఛాతీలో చిరుగు ఉంది. అది కూడా కళలో భాగమే అనుకుని వచ్చినవాళ్ళు మెచ్చుకుంటారట. కొందరు అందులో చెయ్యి పెట్టి ఫోటో దిగుతారట. జయంత్ వారిస్తాడు గాని ఎంతమందినని వారిస్తాడు?

మీరు ఎప్పుడైనా ఆ దారిన వెళ్ళి, ఆ నీలం గుర్రం ముందు నిలబడితే, వేసినదెవరని అడగకండి. అక్కడ ఎవరూ చెప్పరు. ఆమెకి కూడా అది అక్కర్లేదు. ఆ చిరుగులో చెయ్యి పెట్టకుండా, దాని ముందు ఒక్క నిమిషం ఆగి, నడిసముద్రంలో ఒంటిమీది గుడ్డ విప్పి దాన్ని కుట్టిన మనిషి ఒకడు ఉండేవాడని, వాడి పేరు నూకాలని, ఒక్కసారి తలుచుకోండి.